ఖాళీ డబ్బా బరువు

"ఖాళీదేగదరా! పట్టుమని అరవై గజాలు లేదు. దానికి అంత అడుగుతారేటి?"

ఈ మాట నేను చిన్నప్పట్నించీ వింటున్నాను. మా అయ్యతో ఎవరో అంటుంటే విన్నాను. మా తాత చెప్పిన కథల్లో విన్నాను. ఒకరోజు నా నోటితో నేనే అన్నాను. ఈ వ్యాసం ఆ రోజు గురించే. అయితే ఆ ఒక్క రోజు మీకు అర్థం కావాలంటే మూడు తరాలు వెనక్కి పోవాలి. మా బతుకుల్ని ఎవరూ రాసిపెట్టలేదు. రేవు చరిత్రలో ఓడల పేర్లుంటాయి, దొరల పేర్లుంటాయి, టన్నుల లెక్కలుంటాయి. ఆ టన్నులు ఎవరి నెత్తిమీద నుంచి దిగాయో ఉండదు. అందుకని మా చరిత్రని మేమే ఇంట్లో ముసలాళ్ళ నోట్లోంచి తవ్వుకోవాలి.

మాది విశాఖపట్నం జ్ఞానాపురం. రైలు స్టేషనుకి అవతల, రేవుకి ఇవతల. ఉతికి ఆరేసిన గుడ్డ సాయంత్రానికి ఎర్రగానో నల్లగానో అయిపోతే గాలి ఎటునుంచి కొట్టిందో మా అమ్మ చెప్పేసేది. ఎరుపైతే ఇనప ఖనిజం, నలుపైతే బొగ్గు. మేం మాలలం. మా తాత విజయనగరం వైపు పల్లెలోంచి వచ్చాడు. పల్లెలోంచి సరాసరి ఇక్కడికి రాలేదు. మధ్యలో సముద్రం దాటి వెళ్ళి, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరిగొచ్చాడు.

మా తాత నాకు చెప్పిన కథల్లో రాజులు లేరు. ఒక మడతమంచం ఉండేది. ఆయనకి పది పన్నెండేళ్ళప్పుడు వాళ్ళ ఊరికి కేంపు మీద అధికారి వచ్చేవాడట. రెండ్రోజులుండి వెళ్ళేటప్పుడు గుడారం గుంజలు, మడతమంచం, నీళ్ళతొట్టి, ఖాళీ అయిన పెట్టెలు పక్క ఊరి పొలిమేర దాకా మాలపేటవాళ్ళే మోసుకెళ్ళి దించాలి. అక్కడ ఆ ఊరి మాలలు నిలబడి ఉంటారు. వాళ్ళు అందుకుని తర్వాతి పొలిమేర దాకా మోస్తారు. ఇలా పొలిమేర మీద పొలిమేర దాటుకుంటూ అధికారి సామాను తాలూకా అంతా తిరిగేది. ఒక్కొక్క పేట మోసింది రెండు మైళ్ళో మూడు మైళ్ళో. "దగ్గరేగదా, ఖాళీ పెట్టెలేగదా" అంటే కూలి లేనట్టే. దాన్నే వెట్టి అన్నారు. అన్ని పేటలు మోసిన దూరం కలిపితే ఎంతవుతుందో ఎవరూ కలిపి చూడలేదు. కలిపి చూస్తే కూలి ఇవ్వాల్సొస్తుంది.

మన్యంలో గూడెం డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్ గిరిజనుల్ని రోడ్డుపనికి ఇలాగే తోలాడు. 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో జరిగిన తిరుగుబాటుకి ఆ రోడ్డు కూలి కూడా ఒక కారణం. మా మైదానం మాలపేటల్లో తిరుగుబాటు మరో రకంగా జరిగింది. మావాళ్ళు ఊరు విడిచి పారిపోయారు. మా తాత కూడా ఒక రాత్రి మడతమంచాన్ని పొలిమేరలో దించేసి ఇంటికి తిరిగిపోలేదు. రంగం వెళ్ళిపోయాడు.

మా ఉత్తరాంధ్రలో రంగం అంటే రంగూన్. అక్కడ మనవాళ్ళని కోరంగీలనేవారు, కాకినాడ దగ్గర కోరంగి రేవు పేరుమీద. రంగూన్ రేవులో ఓడలు నింపేదీ ఖాళీ చేసేదీ ఎక్కువగా తెలుగు కూలీలే. ఓడ కంపెనీకి కూలీ తెలీదు. కంపెనీకి స్టీవ్‌డోర్ తెలుసు, స్టీవ్‌డోర్‌కి మేస్త్రీ తెలుసు, మేస్త్రీకి కూలీ తెలుసు. కూలి డబ్బు పైనుంచి కిందికి దిగేసరికి మెట్టుమెట్టుకీ కొంత ఇంకిపోయేది. 1930 మే నెలలో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. యజమానులు వాళ్ళ స్థానంలో బర్మావాళ్ళని పెట్టుకున్నారు. కొన్నాళ్ళకి తెలుగువాళ్ళతో రాజీ కుదుర్చుకుని బర్మావాళ్ళని ఇంక మీరు పొండన్నారు. కడుపు కాలినవాడి ఎదట కడుపు కాలినవాణ్ణి నిలబెట్టి దొర పక్కకి తప్పుకున్నాడు. మే 26న రేవులో మొదలైన కొట్లాట ఊరంతా పాకింది. వందమందికి పైగా చచ్చిపోయారు. అందులో ఎక్కువమంది మన కూలీలే. మా తాత ఒక గిడ్డంగిలో ఖాళీ పీపాల వెనక రెండు రాత్రులు నక్కి బతికి బయటపడ్డాడు.

ఆ సంగతి చెప్పేటప్పుడు తాత బర్మావాళ్ళని ఏనాడూ తిట్టలేదు. మేస్త్రీని తిట్టేవాడు. "ఆడు మనోడేరా. మన పేటోడే. దొర మాట మోసుకొచ్చి మన నెత్తిన దించినోడు ఆడే" అనేవాడు. అప్పుడు నాకది ముసలాయన పాత కోపంలాగే అనిపించేది.

తిరిగొచ్చేసరికి విశాఖలో హార్బరు తవ్వుతున్నారు. బెంగాల్ నాగపూర్ రైల్వే వాళ్ళు మధ్యపరగణాల్లో మాంగనీసుని సముద్రం దాటించడానికి ఉప్పుచిత్తడి నేలని తవ్వించి రేవు కట్టారు. రాయపూర్ నుంచి విజయనగరం దాకా రైలుదారి 1931కి పూర్తయింది. 1933 అక్టోబరు 7న మొదటి ఓడ 'జలదుర్గ' లోపలికొచ్చింది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ వచ్చి ప్రారంభోత్సవం చేశాడు. అలలకి అడ్డుకట్టగా రెండు పాత ఓడల్ని సముద్రంలో ముంచారు. ఆ మునిగిన ఓడల పేర్లు ఇవాళ్టికీ పుస్తకాల్లో దొరుకుతాయి. మట్టి తట్టలు మోసిన ఆడా మగా పేర్లు ఏ పుస్తకంలోనూ దొరకవు. వాళ్ళలో మా తాతా నాయనమ్మా ఉన్నారు. వాళ్ళిద్దరూ కలుసుకున్నదే ఆ తట్టల దగ్గర.

మా అయ్య అదే రేవులో తట్ట పట్టాడు. వేగనులోంచి ఖనిజాన్ని పారతో తట్టకెత్తుకుని, చెక్క మెట్ల మీదుగా ఓడెక్కి, గుమ్మరించి దిగడం. మొగాళ్ళ వెనకే ఆడాళ్ళు. 1965లో ఖనిజం నింపే యంత్రాలొచ్చాయి. బైలదిల్లా ఇనుము కొత్త రైలుదారిలో వచ్చి, బెల్టు మీద నడిచి, జపాను ఓడల్లో పడ్డం మొదలైంది. తట్టలు పోయాయి. తట్టతోపాటు రేవులోంచి మొదట ఇంటికెళ్ళింది ఆడవాళ్ళే. మా మేనత్తలిద్దరూ అలా వెళ్ళినవాళ్ళే. వాళ్ళకి చేతిలో ఏ కార్డూ లేదు, చూపించడానికి.

మా అయ్యకి మాత్రం తర్వాత డాక్ లేబర్ కార్డు దొరికింది. ఆ కార్డుకో చరిత్ర ఉంది, విద్యార్థి మిత్రులు తెలుసుకోవాలి. అంతకుముందు రేవు గేటు దగ్గర రోజూ పొద్దున్న కూలీల సంత జరిగేది. మేస్త్రీ వేలు చూపించినవాడికి పని, మిగతావాళ్ళకి పస్తు. 1948లో డాక్ వర్కర్స్ చట్టం వచ్చింది. అప్పుడు కేంద్ర కార్మికమంత్రి జగ్జీవన్‌రామ్. అంతకుముందు 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మికశాఖ చూసింది బాబాసాహెబ్ అంబేద్కర్. ఆ చట్టం కింద వచ్చిన స్కీముల్లో పేరు రాయించుకున్నవాడికి వంతు ప్రకారం పని పంచాలి. పని లేకపోయినా హాజరు వేయించుకుంటే కొంత భత్యం ఇవ్వాలి. మేస్త్రీ వేలికి బదులు కార్డు మీద నంబరు వచ్చింది. మా అయ్య ఆ కార్డుని బైబిల్లో పెట్టి దాచుకునేవాడు. నన్ను బీయే దాకా చదివించింది ఆ కార్డే.

ఆ కార్డుని మింగేసింది ఇనప డబ్బా.

1956 ఏప్రిల్ 26న అమెరికాలో మాల్కమ్ మెక్లీన్ అనే లారీల వ్యాపారి 58 డబ్బాల్ని 'ఐడియల్ ఎక్స్' అనే ఓడమీద పెట్టి న్యూవార్క్ నుంచి హ్యూస్టన్ పంపించాడు. విడి సరుకుని మనుషులతో ఓడకెత్తిస్తే టన్నుకి 5 డాలర్ల 83 సెంట్లు అయ్యేది. డబ్బాలో పెట్టి క్రేనుతో ఎత్తితే 16 సెంట్ల లోపే అయింది. ఆ తేడా అంతా ఎక్కడ మిగిలిందంటారు? ప్రపంచంలో ఉన్న రేవు కూలీల కూలిలోనే మిగిలింది. 1973లో ఆ డబ్బా కొచ్చిన్ వచ్చింది. విశాఖలో 2003లో దానికోసం వేరే టెర్మినలే మొదలైంది. ఈ మధ్యలో, 1997లో, పెద్దరేవుల్లో డాక్ వర్కర్స్ చట్టాన్ని పక్కన పెట్టడానికి వీలుగా మరో చట్టం తెచ్చారు. మా అయ్య ఆ మరుసటేడు రిటైరయ్యాడు. "నా యెనకాల కార్డు లేదురా, డబ్బాయే ఉంది" అన్నాడు.

యంత్రం తప్పని నేననను. తట్ట మోసిన మెడకి తట్ట మీద ప్రేమ ఉండదు. కాని యంత్రం రేవులోపల పని మింగేసినా గేటు బయట కొంత పని వదిలేసింది. దాన్ని యంత్రానికి గిట్టుబాటు కాక వదిలేసింది. అదే ఖాళీ డబ్బాని కాస్త దూరం జరిపే పని.

ఇది కొంచెం వివరంగా చెప్పాలి. నిండు డబ్బాకి క్రేను వస్తుంది, ట్రైలరు వస్తుంది, కాగితాలొస్తాయి, భీమా ఉంటుంది. దాని సరుకు ఖరీదు అలాంటిది. పాతబడిన ఖాళీ డబ్బాని ఎవరో కొనుక్కుంటారు. కట్టుబడి దగ్గర ఆఫీసుకి, సిమెంటు దాచడానికి, కాపలావాడు పడుకోడానికి. దాన్ని గోడవార నుంచి గేటుదాకా జరపాలి. అరవై గజాలు. హైడ్రా క్రేను పిలిస్తే అది వచ్చి పది నిమిషాలు పనిచేసినా ఇన్ని గంటలని కనీసం లెక్కకట్టి తీసుకుంటుంది. ఇరుకు సందుల్లోకి, కరెంటు తీగల కిందికి రాలేదు. అప్పుడు యజమానికి మనుషులు గుర్తొస్తారు. "కళాసీలెవరైనా ఉన్నారేటి?" అని మా పేటకి కబురొస్తుంది. గమనించండి, క్రేనుకి కనీస కిరాయి ఉంది. మనిషికి లేదు.

ఇరవై అడుగుల డబ్బా ఎనిమిదడుగుల వెడల్పు, ఎనిమిదిన్నర అడుగుల ఎత్తు. ఖాళీగా ఉంటే రెండువేల రెండొందల కిలోలు, కాస్త అటూ ఇటూ. అంటే 75 కిలోల బియ్యం బస్తాలు దాదాపు ముప్పై. నలభై అడుగులదైతే మూడువేల ఏడెనిమిది వందల కిలోలు. ఈ సంగతి దాచిపెట్టిన రహస్యం కాదు. ప్రతి డబ్బా తలుపు మీదా 'టేర్' అని రాసి పక్కన అంకె వేసి ఉంటుంది. ఖాళీ బరువు అని దానర్థం. లోకమంతా దీనికి బరువుందని తలుపు మీదే రాసుకుంది. బేరమాడేవాడొక్కడే దాన్ని చదవడు.

జరిపే పద్ధతి ఇదీ. ముందు లోపల ఏమీ లేదని తలుపు తీసి చూడాలి. ఒక్కోసారి ఖాళీ అంటారు గాని పాత ఇనుము ఓ మూల పడేసి ఉంటుంది. బరువు ఓ పక్కకుంటే డబ్బా తిరగబడుతుంది. తలుపు మళ్ళీ బిగించాలి. ఒక చివర జాకీ పెట్టి ఎత్తి, ఎత్తినకొద్దీ చెక్క దిమ్మలు తోస్తూ పోవాలి. జాకీని నమ్మి చెయ్యి లోపల పెట్టకూడదు. దిమ్మని నమ్మాలి. డబ్బా వెడల్పుకంటే పొడుగైన ఇనప పైపులు నాలుగో అయిదో కింద అడ్డంగా వేసి దించాలి. ముందు ఇద్దరు మోకు లాగుతారు, వెనక ముగ్గురు గునపాలతో ఎగదోస్తారు, ఒకడు ఐలసా అంటాడు. ఆ కేక లేకపోతే ఎనిమిదిమంది ఎనిమిది వేళల్లో తోస్తారు, డబ్బా కదలదు. వెనక బయటపడిన పైపుని ఒకడు ఎత్తుకుని పరిగెత్తి ముందు వెయ్యాలి. అన్నిటికన్నా ప్రమాదం ఈ పైపువాడికే. డబ్బా నాలుగు మూలలా కాళ్ళలాంటి ఇనప దిమ్మలు అడుగుభాగం కంటే కాస్త కిందికి ఉంటాయి. ఆ కాలు పైపు మీదికొచ్చినప్పుడల్లా డబ్బా ఒక్క కుదుపు కుదుపుతుంది. నేల మెత్తనైతే పైపు దిగబడిపోతుంది, పలకలు పరచాలి. నేల వాలుగా ఉంటే వెనక్కి ఇంకో మోకు కట్టి, చెట్టుకో గుంజకో చుట్టి, మెల్లగా వదులుతూ రావాలి. దాన్ని వెనకమోకు అంటాం. గాలి ఉంటే ఆ రోజుకి ఆపెయ్యాలి. ఖాళీ డబ్బా గాలికి తెరచాపలాంటిది.

ఈ విద్య ఏ కాలేజీలోనూ చెప్పరు. మా అయ్యా వాళ్ళు ఓడ కడుపులో నేర్చుకుని మాకు నేర్పించారు.

నేను మాత్రం మోకు పట్టలేదు. బీయే చదివినందుకు ఒక కంటైనర్ యార్డులో టాలీ గుమస్తాగా చేరి, ఏళ్ళు గడిచాక సూపర్‌వైజర్నయ్యాను. చొక్కా జేబులో పెన్ను. మా పేటలో నేను గౌరవమైనవాణ్ణి. యార్డులో నేను 'మీవాళ్ళని పిలువు' అన్నప్పుడు పిలవాల్సినవాణ్ణి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖని పెళ్ళగించింది. చెట్లు, స్తంభాలు, రేకులు దార్లనిండా. క్రేన్లన్నీ ఆ పనిలోనే ఉన్నాయి. మా యార్డు ప్రహరీ కూలి ఒక ఖాళీ డబ్బా మీద వాలింది. గోడ కట్టాలంటే డబ్బాని అరవై గజాలు జరపాలి. యజమాని నన్ను పిలిచి, "మీవాళ్ళున్నారుగా, ఓ పూటలో చేయించెయ్యి" అన్నాడు. నేను పేట నుంచి ఎనిమిదిమందిని పిలిచాను. అందులో ఒకడు మా పెదనాన్న కొడుకు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. ఇద్దరం ఒకే కంచంలో తిన్నవాళ్ళం.

వాళ్ళు నేల చూశారు. వాన తడి ఇంకా ఆరలేదు. కాలవ వైపు వాలు ఉంది. "తమ్ముడూ, ఎనమండుగురు సాలరు. పదిమంది కావాలి. యెనకమోకు కట్టాలి, పలకలెయ్యాలి. మనిషికి ఆరొందలిప్పించు" అన్నాడు అన్న. తుపాను రోజుల్లో అది ఎక్కువేమీ కాదు. నేను లోపలికెళ్ళి యజమానితో చెప్పాను. ఆయన ఒక అంకె చెప్పాడు. నేను బయటికొచ్చాను.

అప్పుడన్నాను ఆ మాట. "ఖాళీదేగదరా! పట్టుమని అరవై గజాలు లేదు. దానికి అంత అడుగుతారేటి?"

అన్న నా మొహంలోకి చూశాడు. ఏమీ అనలేదు. తుపాన్లో అతని ఇంటి రేకులెగిరిపోయాయి. మూడొందల యాభైకి ఒప్పుకున్నారు. ఎనిమిదిమందితోనే. వెనకమోకు లేకుండానే. పలకలు తేవడానికి ఇంకో గంట పడుతుందంటే అక్కర్లేదన్నది కూడా నేనే. నాకు మధ్యాహ్నంలోపు పని అయిపోయిందని లోపల చెప్పాలి. అదీ నా తొందర.

నలభై గజాలు బాగానే వచ్చింది. అక్కడ ముందు పైపు బురదలో దిగబడింది. వెనకవాళ్ళు ఎగదోశారు. మూల కాలు పైపు మీదికెక్కి కుదిపింది, డబ్బా పక్కకి తిరిగి వాలులో జారింది. పైపు వెయ్యడానికి వంగినవాడు మా అన్న. కుడికాలి ముందుభాగం ఆ ఇనప దిమ్మ కింద పడింది. జాకీ పెట్టి ఎత్తేదాకా ఎంతసేపు పట్టిందో నాకు తెలీదు. పెద్దాసుపత్రిలో పాదం ముందు సగం తీసేశారు.

మూడోరోజు యార్డు మేనేజరు నన్ను కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. పదిహేడేళ్ళలో నాకు ఆ గదిలో కుర్చీ వేసింది ఆ రోజే. ఒక కాగితం ముందుపెట్టాడు. డబ్బా జరిపే పనిని నేను సొంతంగా కాంట్రాక్టు తీసుకున్నట్టు, మనుషుల్ని నేనే పెట్టుకున్నట్టు, తుపానుకి ముందు తేదీ వేసి ఉంది. "నువ్వు చదువుకున్నవాడివి. వాళ్ళంతా నీ వాళ్ళేగదా. ఆసుపత్రి ఖర్చు మేం చూస్తాం. ఇది ఊరికే ఫైలు కోసం" అన్నాడు.

సంతకం పెట్టాను.

ఎందుకు పెట్టానని మీరడగొచ్చు. నాకు ఇద్దరాడపిల్లలు కాలేజీలో ఉన్నారు. అది కారణమే, కాని పూర్తి కారణం కాదు. ఆ కుర్చీలోంచి లేవాలనిపించలేదు. దళిత యువకుడు చదువుకుంటే తన జాతికి దీపమవుతాడని మన సభల్లో చెబుతాం. తెల్లచొక్కా వేసుకున్న మొదటి తరాన్ని యజమానులు దేనికి వాడుకుంటారో కూడా మన సభల్లో చెప్పుకోవాలి.

మూడు నెలలు గడిచాయి. ఆసుపత్రి ఖర్చు కొంత ఇచ్చి ఆపేశారు. వదిన నష్టపరిహారం అడగడానికి వెళ్తే, "మీ కాంట్రాక్టర్నడుగు, మీ మరిదేగదా" అన్నారట. ఆమె నా ఇంటికి రాలేదు. మా అయ్య దగ్గరికెళ్ళింది. ఆ రాత్రి మా అయ్య నన్ను పిలిచాడు. డెబ్భై ఆరేళ్ళ మనిషి. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"మీ తాత రంగంలో ఎవుణ్ణి తిట్టీవోడో గేపకముందేటి నీకు?" అన్నాడు.

అంతే. మళ్ళీ గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు నేను ఒక యూనియన్ వకీలు దగ్గరికెళ్ళాను. అప్పుడు నేర్చుకున్న చట్టం మీకూ చెబుతాను, కార్యకర్తలకి పనికొస్తుంది. 1923 నాటి పరిహార చట్టంలో 12వ సెక్షను ఉండేది. యజమాని తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టరుకిచ్చినా దెబ్బతిన్న కూలీకి పరిహారం కట్టే బాధ్యత యజమానికి తప్పదని అది చెప్పింది. మరి మావాళ్ళని కేజువల్ అంటారు కదా అనడిగాను. యజమాని వ్యాపారానికి సంబంధం లేని పనికి ఏదో ఓ పూట పెట్టుకున్న కేజువల్ మనిషి 'వర్క్‌మన్' కాడన్న మినహాయింపు ఆ చట్టంలో 2000 సంవత్సరం దాకా ఉండేదట. ఆ ఏడు సవరణతో తీసేశారు. డెబ్భై ఏడేళ్ళపాటు ఆ ఒక్క ముక్క ఎన్ని కాళ్ళని, ఎన్ని చేతుల్ని లెక్కలోంచి తీసేసిందో!

రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1982లో ఏషియాడ్ నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు కనీస వేతనం కన్నా తక్కువిచ్చి చేయించుకున్నదీ బలవంతపు చాకిరీయే అంది. ఆకలి కూడా బలవంతమేనని గుర్తించింది. మా తాత మడతమంచానికీ మా అన్న డబ్బాకీ చుట్టరికం ఆ తీర్పు చదివాక నాకు తెలిసింది. అయితే కోర్టులన్నీ ఒకే దారిన నడవలేదు. కాంట్రాక్టు పనిని రద్దు చేస్తే ఆ కూలీలు యజమాని మనుషులే అవుతారని 1996లో అన్న సుప్రీంకోర్టు, 2001లో ఉక్కు సంస్థకీ రేవు కార్మికుల యూనియన్‌కీ మధ్య కేసులో అలా వాటంతటవే అయిపోరంది. 1970 కాంట్రాక్టు లేబరు చట్టం 20 మంది ఉంటే వర్తించేది. 2020లో పార్లమెంటు ఆమోదించిన కోడు ఆ 20ని 50 చేసింది. ఖాళీ డబ్బా జరపడానికి ఎనిమిదిమంది చాలు. అంటే చట్టం తలుపు దగ్గరికి మేం ఎప్పటికీ చేరం. ఆ పాత పరిహార చట్టాన్ని కూడా అదే ఏడు సామాజిక భద్రతా కోడులో కలిపారు. కార్యకర్తలు కొత్త కోడు తీసి చదవాలి, పాత సెక్షను నంబర్లు పట్టుకుని కూర్చోకూడదు.

నేను అధికారి ముందు సాక్ష్యం చెప్పాను. ఆ కాగితం మీద సంతకం నాదే, తేదీ అబద్ధం అన్నాను. ఆ రోజు నేను యార్డు జీతం మీద ఉన్నానని హాజరుపట్టీ చూపించమన్నాను. ఎనిమిదిమందికి కూలి యార్డు చిల్లరఖర్చుల్లోంచే వెళ్ళింది. ఆ వోచరు మీద "ఖాళీ డబ్బా షిఫ్టింగు, కేజువల్" అని రాసింది నేనే. నేను రాసిన రెండు కాగితాల్లో ఒకటి అబద్ధం, ఒకటి నిజం. నిజం కాగితం మా అన్నని కాపాడింది. మూడో ఏట రాజీ కుదిరింది. అడిగినదానికంటే తక్కువే వచ్చింది. నా ఉద్యోగం సాక్ష్యం చెప్పిన వారంలోనే పోయింది. అన్న నాతో మాట్లాడ్డానికి ఇంకో ఏడాది పట్టింది.

2021లో ఖాళీ డబ్బాల కోసం లోకమంతా గగ్గోలు పెట్టింది. కరోనా దెబ్బకి డబ్బాలు ఒక దేశంలో పేరుకుపోయి ఇంకో దేశంలో కరువయ్యాయి. సరుకు నింపుకోకుండా ఖాళీవే చైనాకి పరుగులెత్తించారు. ఖాళీ డబ్బా విలువ పత్రికల్లో మొదటి పేజీ వార్తయింది. దాన్ని జరిపే మనిషి విలువ ఏ పేజీలోనూ రాలేదు.

ఇప్పుడు మా పేటలో ఒక నోటుబుక్కుంది. పనికి పిలుపొస్తే వెళ్ళి ముందు డబ్బా మీద బరువు చదువుతాం. ఎంత బరువు, ఎన్ని గజాలు, నేల వాలా చదునా, ఎంతమంది, ఎవరెవరు, ఎంత కూలి, పిలిచిందెవరు, అన్నీ రాసి పిలిచినవాడి సంతకం తీసుకుంటాం. ఫోనులో ఫొటో తీసుకుంటాం. సంతకం పెట్టనంటే జాకీ దించం. ఈ పద్ధతివల్ల కొన్ని పనులు పోయాయి. ఇంట్లో పొయ్యి వెలగని రోజులూ ఉన్నాయి. అబద్ధం చెప్పను. కాని ఆ పుస్తకంలో రాసిన పనుల్లో ఇంతవరకూ ఎవరి వేలూ పోలేదు. నేనిప్పుడు దానికి గుమస్తాని. మేస్త్రీని కాను. కమీషను తీసుకోను.

విద్యార్థి మిత్రులారా, మా పేటలకి పాటలు సేకరించడానికి వస్తారు, కథలు అడుగుతారు. రండి. వచ్చినప్పుడు ఇలాంటి నోటుబుక్కులు కూడా రాయించండి. మా తాతలు మోసిన పొలిమేరలు ఎవరూ రాయలేదు గనకే అవి దగ్గరై పోయాయి, ఖాళీ అయిపోయాయి.

మొన్న ఒక ఆసామి కారులో వచ్చాడు. కట్టుబడి దగ్గర డబ్బా జరపాలట. మా వాళ్ళు కూలి చెప్పగానే, "ఖాళీదే కదయ్యా!" అన్నాడు. మా అన్న అక్కడే ఉన్నాడు. అతనిప్పుడు మోకు పట్టలేడు, వాలు చూసి చెబుతాడు. అయిదో తరగతితో చదువాగిపోయింది. ఇంగ్లీషు రాదు. ఆ తలుపుమీది అంకెలు మాత్రం నేర్చుకున్నాడు. కుంటుకుంటూ డబ్బా దగ్గరికెళ్ళి, చేత్తో తుప్పు తుడిచి, అందరికీ వినపడేలా చదివాడు.

"రెండువేల రెండొందల ముప్పై కిలోలు. ఇప్పుడు సెప్పు బాబూ, ఎంతిస్తావు?"